సెట్టు మీది ఆరెంజ్ బటన్ నొక్కితే సాయం కదలాలి!

పోలీసు, హోంగార్డు కుటుంబాల నుంచి ప్రజలకు విజ్ఞప్తి



రాత్రి పదకొండు దాటాక మీ వీధి మలుపులో బైకు ఆపుకుని నిలబడ్డ కానిస్టేబుల్‌ను ఒకసారి గమనించండి. నడుముకో భుజానికో ఒక నల్లటి సెట్టు వేలాడుతూ ఉంటుంది. మనం వాకీటాకీ అంటాం, స్టేషన్ వాళ్లు సెట్ అనో మ్యాన్‌ప్యాక్ అనో అంటారు. దాని నెత్తిన, యాంటెన్నా మొదట్లో, చాలా మోడళ్లకు చిన్న ఆరెంజ్ బటన్ ఒకటి ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నొక్కడానికి పెట్టిన బటన్ అది. నోరు విప్పే వీలు లేకపోయినా, చేతిలో లాఠీ జారిపోయినా, ఒక్క బొటనవేలు కదిలితే చాలు. కంట్రోల్ రూమ్‌లో అలారం మోగాలి. ఆపదలో ఉన్నది ఎవరో తెలియాలి. దగ్గర్లో ఉన్న బండి బయల్దేరాలి.

మీ జిల్లాలో, మీ స్టేషన్‌లో, మీ వీధిలో నిలబడ్డ ఆ మనిషి చేతిలోని సెట్టులో ఆ బటన్ పనిచేస్తుందా? నొక్కితే వినే మనిషి అటువైపు ఉన్నాడా? ఈ ప్రశ్న అడగడానికే ఈ కరపత్రం వేశాం.

మేం పోలీసుల, హోంగార్డుల ఇళ్లవాళ్లం. భార్యలం, తల్లులం, అన్నదమ్ములం, పిల్లలం. యూనిఫాంలో ఉన్నవాళ్లు ఇలా కరపత్రాలు పంచలేరు. పోలీసులు సంఘాలు పెట్టుకోవడానికి, పత్రికలతో మాట్లాడడానికి 1966 నాటి కేంద్ర చట్టం హద్దులు గీసింది. 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీస్ బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీదికి రావడం మీరంతా చూశారు. ఆందోళనకు దిగిన కానిస్టేబుళ్లకు సస్పెన్షన్లు, డిస్మిసల్ ఉత్తర్వులు అందాయి. అందుకే వాళ్ల బదులు ఇంట్లోవాళ్లం మాట్లాడుతున్నాం. జీతం పెంచమనో సెలవులు ఇమ్మనో కాదు ఈసారి. ఒక బటన్ గురించి.

ముంబయిలో ఆ రాత్రి

2008 నవంబరు 26. కామా ఆసుపత్రి పక్క సందులో పోలీసు క్వాలిస్ బండి మీద ఇద్దరు ఉగ్రవాదులు తూటాలు కురిపించారు. పోలీసు అధికారులు హేమంత్ కర్కరే, అశోక్ కామ్టే, విజయ్ సాలస్కర్ నేలకొరిగారు. వారితో ఉన్న కానిస్టేబుళ్లూ పోయారు. ఆ బండిలో ప్రాణాలతో మిగిలింది అరుణ్ జాధవ్ అనే కానిస్టేబుల్ ఒక్కరే. చేతికి తూటాలు దిగాయి, తుపాకీ ఎత్తే శక్తి లేదు. బండి వెనక భాగంలో తోటివాళ్ల మృతదేహాల మధ్య కదలకుండా పడి ఉన్నారు. ఉగ్రవాదులు ముగ్గురు అధికారులను రోడ్డు మీదికి లాగి పడేసి, అదే బండి నడుపుకుంటూ పోయారు. మెట్రో సినిమా దగ్గర గుమిగూడిన జనం మీద ఆ పోలీసు బండిలోంచే కాల్పులు జరిపారు. టైరు దెబ్బతిన్నాక దాన్ని వదిలేసి వేరొకరి కారు లాక్కున్నారు. వాళ్లు వెళ్లిపోయాకే జాధవ్ ముందుకు పాకి, వైర్‌లెస్ అందుకుని, కంట్రోల్ రూమ్‌కు జరిగింది చెప్పగలిగారు.

ఆ మధ్యలో గడిచిన సమయం గురించి ఆలోచించండి. బండిలో వైర్‌లెస్ ఉంది. మనిషికి స్పృహ ఉంది. చెప్పాల్సిన సమాచారం యావత్ ముంబయికి అవసరమైన సమాచారం. కానీ నోరు తెరిస్తే చంపేస్తారు. మాట్లాడడమే ప్రాణానికి ముప్పు అయిన సమయాల కోసమే సెట్టుకు ఎమర్జెన్సీ బటన్ పెడతారు.

ఆ రాత్రి చనిపోయిన అశోక్ కామ్టే గారి భార్య వినీతా కామ్టే ఊరుకోలేదు. భర్త, ఆయనతో ఉన్నవాళ్లు ఆ సందులో పడి ఉన్నప్పుడు సాయం ఎందుకు సమయానికి రాలేదని అడిగారు. సమాచార హక్కు చట్టం కింద వైర్‌లెస్ సంభాషణల రికార్డుల కోసం పట్టుబట్టి సంపాదించారు. ఆ పోరాటాన్ని 2009లో 'టు ద లాస్ట్ బుల్లెట్' అనే పుస్తకంగా తెచ్చారు. ఒక పోలీసు భార్య వైర్‌లెస్ లాగ్ చేతపట్టుకుని ప్రభుత్వాన్ని నిలదీసింది. మాకు ధైర్యం ఇచ్చింది ఆవిడే.

మన నేల మీద

2015 ఏప్రిల్ మొదటి రోజుల్లో సూర్యాపేట బస్టాండులో అర్ధరాత్రి బస్సులు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద దుండగులు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు ప్రాణాలు పోగొట్టుకున్నారు. హోంగార్డు అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. కానిస్టేబుల్‌కు తగిలిన తూటా లాంటిదే ఆ హోంగార్డుకూ తగిలింది. సెట్ల పంపిణీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం హోంగార్డు చివరి వరసలో ఉంటాడు.

2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లాలో ఎర్రచందనం స్మగ్లర్ల కారును ఆపబోయిన టాస్క్‌ఫోర్స్ కానిస్టేబుల్‌ను అదే కారుతో గుద్ది చంపారు. 2025 అక్టోబరులో నిజామాబాద్‌లో, దొంగతనాల కేసు నిందితుణ్ణి బైకు మీద స్టేషన్‌కు తీసుకొస్తున్న సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) కానిస్టేబుల్‌ను ఆ నిందితుడే నడిరోడ్డు మీద కత్తితో పొడిచాడు. ఇళ్ల పెద్దలు వీళ్లు. మా ఇళ్లలోనూ అలాంటి మనుషులే ఉన్నారు. రాత్రి డ్యూటీకి బైకు తీసేటప్పుడు గేటు దగ్గరిదాకా వచ్చి నిలబడేది మేమే.

బటన్ ఉండి ఉంటే వీళ్లు బతికేవారని మేం అనడం లేదు. తూటాను, కత్తిని, మీదికి దూసుకొచ్చే కారును ఏ బటనూ ఆపదు. మేం అడిగేది ఆ తర్వాతి నిమిషాల గురించి. పడిపోయిన మనిషి ఎక్కడ ఉన్నాడో తోటివాళ్లకు తెలియడానికి పట్టే నిమిషాలు, రక్తం పోతున్నప్పుడు ఆసుపత్రికి చేరడానికి పట్టే నిమిషాలు, దాడి చేసినవాడు ఊరు దాటకముందే దారులు మూయడానికి ఉన్న నిమిషాలు. ఆ నిమిషాలను మిగల్చమని అడుగుతున్నాం.

నొక్కితే ఏం జరగాలి?

ఇది అందరికీ తెలియాలి. తెలిస్తేనే గట్టిగా అడగగలం.

ప్రతి డిజిటల్ సెట్టుకూ ఒక నంబరు ఉంటుంది. ఎమర్జెన్సీ బటన్ నొక్కగానే మాటతో పని లేకుండా ఆ నంబరుతో ఒక చిన్న సంకేతం గాలిలోకి వెళ్తుంది. కంట్రోల్ రూమ్ తెర మీద ఆ నంబరు ఎర్రగా వెలిగి, అలారం మోగుతుంది. అదే చానల్‌లో ఉన్న మిగతా సెట్లలో కూడా హెచ్చరిక వినిపించేలా పెట్టుకోవచ్చు. సెట్టులో జీపీఎస్ ఉండి, దాన్ని ఆన్ చేసి ఉంచితే మనిషి ఎక్కడున్నాడో కూడా వెళ్తుంది. మైకు దానంతటదే తెరుచుకుని కొన్ని సెకన్లపాటు చుట్టూ వినిపిస్తున్న అరుపులు, మాటలు అవతలికి చేరేలా కూడా పెట్టవచ్చు. మాట్లాడే బటన్ నొక్కి పట్టుకోవాల్సిన అవసరం లేదు. బ్రిటన్ పోలీసులు వాడే టెట్రా అనే డిజిటల్ వైర్‌లెస్ పద్ధతిలో ఎమర్జెన్సీ కాల్‌కు అన్నిటికన్నా పెద్దపీట. చానళ్లన్నీ నిండిపోయి ఉంటే వేరే సంభాషణను తెంపి మరీ దీనికి దారి ఇస్తుంది. ఈ టెట్రా మన దేశానికి కొత్తది కాదు. 2010 కామన్వెల్త్ క్రీడల నాటికే ఢిల్లీలో పెట్టారు.

పాత అనలాగ్ సెట్లలో ఇంత సౌకర్యం లేదు. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు నొక్కితే రెండు సిగ్నళ్లు ఢీకొంటాయి, బలమైన సిగ్నల్‌దే పైచేయి. దూరంగా అడవి అంచున ఉన్నవాడి బలహీనమైన సిగ్నల్, ఊళ్లో ఉన్నవాడి మాట కింద పడి నలిగిపోతుంది. అధికారులు సెట్టులోనే నడిపే సమావేశం, అంటే సెట్ కాన్ఫరెన్స్, సాగుతున్న వేళ ఎవరికైనా ఆపద వస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. అలాంటి చోట సెట్టు ఒకసారి సంకేతం పంపి ఊరుకోకుండా, అవతలి నుంచి అందిందన్న జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ పంపేలా ప్రోగ్రాం చేసిపెట్టాలి.

మంచి సెట్లలో ఇంకో సౌకర్యం కూడా ఉంది. మనిషి పడిపోయి సెట్టు అడ్డంగా కొంతసేపు కదలకుండా ఉండిపోతే దానంతటదే అలారం పంపుతుంది. ఒంటరిగా తిరిగేవాళ్ల కోసం మరొకటి ఉంది. కాసేపటికోసారి సెట్టు కూత పెడుతుంది, మనిషి ఏదో ఒక బటన్ నొక్కి బాగున్నానని చెప్పాలి, చెప్పకపోతే అలారం వెళ్తుంది. నైట్ బీట్‌లో ఒక్కడే పాయింట్ బుక్కులు సంతకం పెడుతూ తిరిగే కానిస్టేబుల్‌కు ఇంతకన్నా కావలసింది ఏముంది?

ఎక్కడ తెగిపోతుంది?

సెట్టు మీద బటన్ కనిపిస్తే అది పనిచేస్తున్నట్టు కాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. బటన్ అంటే ప్లాస్టిక్ ముక్క, దానికి పని చెప్పేది లోపలి ప్రోగ్రాం. సెట్టును కంప్యూటర్‌కు తగిలించి, ఈ బటన్ నొక్కితే ఈ చానల్‌లో ఈ రకం అలారం వెళ్లాలి అని రాస్తేనే అది ఎమర్జెన్సీ బటన్ అవుతుంది. రాయకపోతే ఎంత గట్టిగా నొక్కినా ఏమీ జరగదు. లేదా దాన్ని లైటు వెలగడానికో చానల్ మార్చడానికో కేటాయించి ఉంటారు. నొక్కినవాడు సాయం వస్తోందనుకుంటాడు. అసలు బటన్ లేకపోవడం కంటే ఇదే ఎక్కువ భయంకరం. ఎందుకంటే ఆ నమ్మకంతో అతను పారిపోవాల్సిన చోట ఆగుతాడు.

ప్రోగ్రాం సరిగ్గా ఉన్నా నంబరు దగ్గర తెగిపోవచ్చు. స్టేషన్లలో సెట్లు మనిషికొకటి ఉండవు. పగటి షిఫ్టు వాళ్లు దిగి రాత్రి షిఫ్టు వాళ్లకు ఇచ్చి పోతారు. ఏ సెట్టు ఎవరి చేతిలో ఉందో ఆ రోజు రిజిస్టరులో, కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌లో ఉండాలి. లేకపోతే తెర మీద ఒక అంకె వెలుగుతుంది, అది ఎవరిదో తెలుసుకోవడానికి స్టేషన్‌కు ఫోన్ చేయాలి, స్టేషన్‌లో రైటర్ రిజిస్టరు వెతకాలి. కత్తిపోటు తగిలిన మనిషికి అంత టైము ఉండదు.

తర్వాతిది సిగ్నల్. చేతిలో పట్టుకునే సెట్టు పవర్ మామూలుగా ఐదు వాట్ల దగ్గర ఉంటుంది. కొండ మీది రిపీటర్ అందుకుని మళ్లీ పంపితేనే దూరం పోతుంది. నల్లమలలో, శేషాచలం లోయల్లో, పాడేరు, చింతపల్లి మన్యంలో, ఏటూరునాగారం అడవుల్లో రిపీటర్‌కు కనిపించని మలుపులు ఎన్నో ఉంటాయి. శేషాచలంలో ఎర్రచందనం దొంగలు వచ్చేది అలాంటి మలుపుల్లోకే. అక్కడ బటన్ నొక్కితే సెట్టు గాలిలోకి అరుస్తుంది, వినేవాడు ఉండడు. ఏ చోట సెట్ కట్ అవుతుందో ఆ దారిలో తిరిగే ప్రతి కానిస్టేబుల్‌కూ తెలుసు. వాళ్ల చేత చెప్పించుకుని మ్యాపు మీద రాసుకుంటే రిపీటర్ ఎక్కడ పెట్టాలో ఆ మ్యాపే చెబుతుంది.

బ్యాటరీల సంగతి పెద్దగా చెప్పనక్కర్లేదు. పాతబడ్డ బ్యాటరీ షిఫ్టు సగానికే కూత పెడుతుంది. కొత్త బ్యాటరీ ఇవ్వండి, అంతే.

అన్నిటికన్నా ముఖ్యమైన చోటు కంట్రోల్ రూమ్. అక్కడ అలారం మోగినప్పుడు కుర్చీలో ఉన్న మనిషి ఏం చేయాలో రాసి గోడకు అంటించి ఉండాలి. మిగతా అందర్నీ మౌనంగా ఉండమనాలి. నొక్కినవాడిని మామూలు గొంతుతో, పక్కన దుండగుడు వింటున్నా అనుమానం రాని మాటతో పలకరించాలి. జవాబు రాకపోయినా, జవాబు తేడాగా ఉన్నా దగ్గర్లోని రెండు బండ్లను పంపాలి. నొక్కిన మనిషిని కళ్లారా చూసిన అధికారి చెప్పేదాకా అలారం మూసేయకూడదు. ఇది రాసిపెట్టి, నేర్పించి, నెలకోసారి ఆడించి చూడాలి. వినేవాడు లేని బటన్ కరెంటు లేని ఇంటికి పెట్టిన కాలింగ్ బెల్లే.

మెమోల భయం తీయండి

అధికారులను ఒక్క మాట సూటిగా అడుగుతున్నాం. ఈ బటన్లను పక్కన పెట్టడానికి ఒక కారణం పొరపాటు నొక్కులు. బెల్టుకు ఒరుసుకుని, బైకు సీటుకు తగిలి, పిల్లలు ఆడుకుంటూ నొక్కేసి అలారం మోగుతుంది. మూడుసార్లు అలా జరిగితే కంట్రోల్ రూమ్ విసుక్కుంటుంది, నాలుగోసారి నిజంగా ఆపద వచ్చినా తేలిగ్గా తీసుకుంటుంది. లేదా పైనుంచి మెమో వస్తుంది. మెమో వచ్చిన కానిస్టేబుల్ ఇంకెప్పుడూ ఆ బటన్ జోలికి పోడు. తోటివాళ్లకూ అదే చెబుతాడు.

దీనికి మందు బటన్ తీసేయడం కాదు. క్షణం పాటు గట్టిగా నొక్కిపడితేనే పనిచేసేలా ప్రోగ్రాం చేయవచ్చు. పొరపాటున నొక్కినా కంట్రోల్ రూమ్ స్పందించిన తీరును ఉచితంగా దొరికిన పరీక్షగా లెక్కపెట్టవచ్చు. పొరపాటు నొక్కుకు మెమో ఇవ్వం అని జిల్లా ఎస్పీ, కమిషనర్ రాతపూర్వకంగా చెబితే చాలు. ఈ ఒక్క కాగితానికి రూపాయి ఖర్చు కాదు. ఇది మొదట రావాలి.

డబ్బు లేదనకండి

పోలీసు శాఖ రాష్ట్రాల జాబితాలోది కాబట్టి సెట్లు కొనాల్సింది, ప్రోగ్రాం చేయాల్సింది రాష్ట్రమే. అలాగని కేంద్రం డబ్బు లేదని కాదు. పోలీసు బలగాల ఆధునికీకరణకు 2021-22 నుంచి 2025-26 వరకు 26,275 కోట్ల రూపాయల గొడుగు పథకాన్ని కేంద్రం 2022 ఫిబ్రవరిలో ఆమోదించింది. అందులో రాష్ట్ర పోలీసుల ఆధునికీకరణకు 4,846 కోట్లు. పోలీసు వైర్‌లెస్ సమన్వయానికి 1946 నుంచీ కేంద్రంలో ఒక ప్రత్యేక విభాగమే ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ పోలీస్ కమ్యూనికేషన్స్ విభాగం, అందులో చదువుకున్న ఇంజనీర్లు, టెక్నీషియన్లు ఉన్నారు. సెట్టులో ఉన్న బటన్‌కు పని చెప్పడానికి కొత్త సెట్టు కొనక్కర్లేదు, ఉన్న సెట్టును వర్క్‌షాపుకు పిలిపిస్తే చాలు. కొత్తవి కొనాల్సిన చోట్ల టెండరులోనే ఎమర్జెన్సీ బటన్, జీపీఎస్, పడిపోతే మోగే అలారం రాయించండి. కొన్నాక గుర్తొస్తే లాభం లేదు.

ఇంకో లెక్క చూడండి. 2017 జనవరి 1 నుంచి ప్యానిక్ బటన్ లేని మొబైల్ ఫోన్ మన దేశంలో అమ్మకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే కొత్త బస్సులు, ట్యాక్సీల్లో ఎమర్జెన్సీ బటన్లు, వాహనం ఎక్కడుందో చెప్పే పరికరం తప్పనిసరి చేసింది. నిర్భయ ఘటన తర్వాత ఈ దేశం నేర్చుకున్న పాఠం అది. మంచి పాఠం. ఆపదలో ఉన్న ఆడపిల్ల ఫోనులో బటన్ నొక్కితే 112కి పోతుంది, 112 నుంచి ఒక కానిస్టేబుల్‌కు పోతుంది. ఆ కానిస్టేబుల్ ఒంటరిగా బైకు మీద అక్కడికి వెళ్తాడు. అక్కడ ఎదురు తిరిగిన నలుగురి మధ్య అతను నొక్కడానికి ఏముంది? ఫోనుకు, బస్సుకు రాసిన నిబంధన లాంటిదే అతని సెట్టుకూ రాయండి.

మీకేం సంబంధం అంటారా?

పోలీసులంటే మీకు కోపాలు ఉండొచ్చు. చలానాల మీద ఉండొచ్చు, స్టేషన్ గడప దగ్గర ఎదురైన మాట మీద ఉండొచ్చు. ఆ కోపాల్లో న్యాయమైనవి ఎన్నో ఉన్నాయి, వాటిని మేం కాదనం. అయినా ఈ బటన్ విషయంలో మీరూ మేమూ ఒకే ఒడ్డున ఉన్నాం. ముంబయిలో ఉగ్రవాదుల చేతికి చిక్కిన పోలీసు బండిలోంచి తూటాలు తగిలింది మామూలు జనానికే. ఒక పోలీసు పడిపోయి, ఆ సంగతి ఎవరికీ తెలియకపోతే, దుండగుడు తర్వాత చేరేది మీ వీధికే.

జాతరలు, పుష్కరాల సంగతీ చూడండి. 2015 జులై 14న రాజమహేంద్రవరం పుష్కరఘాట్ తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు పోయారు. జనం నిండిన చోట మొబైల్ నెట్‌వర్క్ మొరాయిస్తుందని మేడారం జాతరకు వెళ్లొచ్చిన ఎవరినడిగినా చెబుతారు. తోపులాట మొదలయ్యే చోట నలిగిపోతూ నిలబడేది బందోబస్తు కానిస్టేబుల్, హోంగార్డు. ఆ కేకల్లో సెట్టులో మాట్లాడినా ఎవరికీ వినిపించదు. అక్కడ ఒక బటన్ నొక్కితే గేటు తెరవాలో, క్యూ ఆపాలో పైవాళ్లకు ముందే తెలుస్తుంది. ఆ తోపులాటలో ఉన్న మీ అమ్మకూ మా ఇంటాయనకూ అదే గాలి, అదే ఊపిరి.

ఇంకొక మాట. ఎమర్జెన్సీ నొక్కు కంట్రోల్ రూమ్‌లో టైముతో సహా రికార్డు అయ్యేలా పెట్టవచ్చు. అప్పుడు ఎప్పుడు నొక్కారు, ఎప్పుడు బండి కదిలింది, ఎప్పుడు చేరింది అన్నది దాచడానికి కుదరదు. ఆ రికార్డు పోలీసు కుటుంబానికీ పనికొస్తుంది, ఆ ఘటనలో చిక్కుకున్న సామాన్యుడికీ పనికొస్తుంది.

మేం కోరేది

ప్రతి సెట్టులో ఎమర్జెన్సీ బటన్‌ను ప్రోగ్రాం చేసి ఆన్ చేయాలి. షిఫ్టు మొదట్లో రోల్ కాల్ దగ్గర సెట్టు తీసుకునేటప్పుడే నంబరు, పేరు నమోదు కావాలి. నెలకోసారి ప్రతి సెట్టూ నొక్కి చూసి, సాయం చేరడానికి ఎంతసేపు పట్టిందో రాసిపెట్టాలి. ఒంటరి బీట్‌లో, నాకాబందీలో, ఎస్కార్టులో, బందోబస్తులో ఉన్న హోంగార్డులకు కానిస్టేబుళ్లతో సమానంగా సెట్లు ఇవ్వాలి. సివిల్ దుస్తుల్లో తిరిగే మహిళా సిబ్బందికి బ్యాగులో పట్టే చిన్న సెట్లు, వాటిలోనూ ఇదే బటన్ ఉండాలి. సిగ్నల్ అందని చోట్ల మ్యాపు సిబ్బందితో కలిసి తయారుచేసి రిపీటర్లు పెట్టాలి. పొరపాటు నొక్కుకు శిక్ష ఉండదని ఉత్తర్వు ఇవ్వాలి. పోలీసుల తర్వాత అటవీ బీట్ సిబ్బందికీ ఇదే కావాలి. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఫారెస్ట్ రేంజర్‌ను నరికి చంపిన సంగతి మనం మరవలేం.

రండి, ఇలా చేద్దాం

సోమవారం రండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. కలెక్టరేట్‌లోనూ ఎస్పీ కార్యాలయంలోనూ అర్జీలు తీసుకుంటారు. మీ పేరు, ఊరు రాసి, పైన చెప్పిన కోరికల్లో మీకు ముఖ్యమనిపించినవి మీ మాటల్లో రాయండి. అచ్చువేసిన అర్జీల కట్ట కంటే నలుగురు నాలుగు రకాలుగా చేతిరాతతో రాసినవి ఎక్కువ బరువుగా ఉంటాయి.

సమాచార హక్కు కింద అడగండి. తెల్ల కాగితం, పది రూపాయల ఫీజు చాలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మరో ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. ఫ్రీక్వెన్సీలు, కోడ్‌లు, రహస్య విభాగాల వివరాలు అడగకండి. అవి మనకు అవసరం లేదు, అడిగితే ఆ పేరుతో మొత్తం అర్జీనే తిప్పి కొడతారు. ఇవి అడగండి: మా జిల్లాలో చేతి సెట్లు ఎన్ని? వాటిలో ఎన్నిటికి ఎమర్జెన్సీ బటన్ ఆన్ చేసి ఉంది? చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? అలారం మోగితే కంట్రోల్ రూమ్ ఏం చేయాలో రాతపూర్వక ఆదేశం ఉందా? హోంగార్డులకు ఎన్ని సెట్లు ఇచ్చారు? బ్యాటరీలు చివరిసారి ఎప్పుడు మార్చారు?

మీ ఎమ్మెల్యే ఊళ్లోకి వచ్చినప్పుడు దండతో పాటు ఈ కరపత్రం చేతిలో పెట్టండి. శాసనసభలో హోం శాఖ పద్దు చర్చకు వచ్చినప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగమనండి.

అక్టోబరు 21 పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో సీఆర్పీఎఫ్ జవాన్లు పదిమంది నేలకొరిగిన రోజు. ఏటా ఆ ఉదయం పరేడ్ మైదానాల్లో ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు చదువుతారు. ఈసారి మీ జిల్లా కేంద్రంలో ఆ పరేడ్‌కు రండి. పేర్లు చదివినంతసేపు మౌనంగా నిలబడదాం, నినాదాలు వద్దు. కార్యక్రమం అయ్యాక మైదానం బయట వరుసగా నిలబడి, ఎస్పీ గారికి, కమిషనర్ గారికి అర్జీలు ఇద్దాం. రెండు ప్రతులు రాసుకుని రండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఆ ప్రతి దాచుకోండి, ముప్పై రోజుల తర్వాత మళ్లీ వెళ్లి దాని మీద ఏం చేశారో అడుగుదాం.

చదివాక ఈ కాగితాన్ని పక్కింటివాళ్లకు ఇవ్వండి. మీ వీధి మలుపులో రాత్రి డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ తమ్ముడికీ ఒకటి ఇచ్చి, సెట్టు మీది ఆ ఆరెంజ్ బటన్ ఎప్పుడైనా నొక్కి చూశావా అని అడగండి.

ఇట్లు,
పోలీసు, హోంగార్డు కుటుంబాల సభ్యులం